ప్రవాసుల ప్లీడరు

1893 మే నెలలో దర్బను రేవున దిగునాటికి మోహనదాసు కరంచందు గాంధీ 23 ఏండ్ల యువకుడు. దాదా అబ్దుల్లా కంపెనీవారి 40 వేల పౌనుల వ్యాజ్యములో తోడ్పడుటకై ఒక యేడాది గడువుతో వచ్చిన బారిష్టరు. ఆ తగవును మధ్యవర్తుల తీర్పుతో పరిష్కరింపజేసి, 1894లో స్వదేశమునకు మరలనుండగా, నేటాలు ప్రభుత్వము భారతీయుల వోటుహక్కును తీసివేయ బూనెను. అచ్చటి వర్తకులు ఆయనను పోనీయలేదు. ప్రజాసేవకు ప్రతిఫలము కోరక, వర్తకుల వ్యాజ్యములపై వచ్చు ఫీజుతో జీవించుటకు నిశ్చయించుకొని ఆయన నిలిచిపోయెను. నేటాలు న్యాయవాదుల సంఘము తెలిపిన అభ్యంతరమును సుప్రీంకోర్టు త్రోసివేసి, ఆయనను అడ్వొకేటుగా చేర్చుకొనెను.

1860 మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు అయిదేండ్ల కరారుపై నేటాలునకు కూలికి పోయిరి. వారిలో అధికసంఖ్యాకులు మదరాసు రేవున ఓడ యెక్కిన తమిళులును తెలుగువారును. యజమానిని విడిచి వచ్చిన కూలీని జైలులో పెట్టు చట్టమది. బాలసుందరమను తమిళ కూలి ముందరి పండ్లు విరిగి, నెత్తురోడుచు గాంధీజీ కచేరీకి వచ్చెను. ఆయన మొదట డాక్టరు సర్టిఫికెట్టు తీసికొని, పిదప మేజిస్ట్రేటు నాశ్రయించి, చివరకు కూలీ కరారును వేరొక యజమాని పేరికి మార్పించెను. కొట్టినవానిని శిక్షింపజేయుటకంటె, కొట్టబడినవానిని విడిపించుటయే ఆయనకు ముఖ్యము. ఆ వార్త కూలీలందరికిని ప్రాకెను.

కాని శాసనకర్తలు ఊరకుండలేదు. కరారు ముగిసిన పిదప మరల కరారునకు ఒడంబడక, స్వదేశమునకును పోక నిలిచినవారిపై 1895లో ఏటికి 3 పౌనుల పన్ను విధించిరి. 1897లో ఐరోపా భాషలో అర్జీ వ్రాయజాలని క్రొత్తవారికి రేవులు మూసిరి.

1903లో ఆయన జోహాన్సుబర్గులో ఆఫీసు తెరచెను. బోయరు యుద్ధకాలమున ట్రాన్సువాలు విడిచిన భారతీయులు తమ యిండ్లకు మరలుటకు పర్మిట్లు కావలసివచ్చెను. ఏషియాటిక్కు శాఖలోని కొందరు ఉద్యోగులు వానిని లంచములకు అమ్ముకొనుచుండిరి. గాంధీజీ సాక్ష్యములు కూర్చి ఇద్దరిని విచారణకు తెప్పించెను. జూరీ వారిని నిర్దోషులనినను ప్రభుత్వము వారిని ఉద్యోగములనుండి తొలగించెను.

1907లో వచ్చిన రిజిస్ట్రేషను చట్టముతో వకీలు విద్యకు హద్దు కనబడెను. ప్రతి భారతీయుడును నేరస్థునివలె పదివ్రేళ్ల ముద్రలిచ్చి దాఖలా పొందవలెను. లేనివానిని దేశము వెడలగొట్టవచ్చును. చట్టమే అన్యాయమైనప్పుడు దాని లోపల వాదించి ప్రయోజనమేమి? 1908 జనవరి 10వ తేదీన, తాను వాదించిన కోర్టులోనే ముద్దాయిగా నిలిచి ఆయన రెండు నెలల శిక్ష పొందెను. ఆగస్టు 16న రెండువేలకు పైగా దాఖలాలు బహిరంగముగా దగ్ధమయ్యెను.

దానికి మూల్యము చెల్లించినవారు పేదలు. ఎందరినో ఓడలెక్కించి మదరాసునకు పంపిరి. ఆఫ్రికాలోనే పుట్టిన కొందరికి మదరాసు పరాయిదేశము, జి. ఏ. నటేశన్ వారికి అన్నవస్త్రములు సమకూర్చెను. మరలి వచ్చిన నారాయణస్వామిని ఏ దక్షిణాఫ్రికా రేవునను దిగనీయలేదు. 1910 అక్టోబరులో డెలగోవా బేలో అతడు మరణించెను.

1913 మార్చిలో ఒక స్త్రీ ప్రవేశార్జీపై జడ్జి సెర్లె యిచ్చిన తీర్పు క్రైస్తవేతర వివాహములను చెల్లనివిగా జేసెను. నాటితో స్త్రీలును పోరాటమున దిగిరి. నవంబరులో బొగ్గుగనుల కూలీలు రెండువేలమంది గాంధీజీ వెంట ట్రాన్సువాలు సరిహద్దు దాటిరి.

1914 చట్టము 3 పౌనుల పన్నును రద్దుచేసి, వివాహములను గుర్తించెను. అయినను క్రొత్తగా రాదలచినవారికి వాకిలి తెరువబడలేదు. భూస్వామ్యము, వర్తక లైసెన్సులు, రాష్ట్రముల నడుమ రాకపోకలు మిగిలిపోయెను. ఈ కొరతలను గాంధీజీ ప్రభుత్వమునకు లిఖితపూర్వకముగ తెలిపి, జూలై 18న కేపుటౌనులో ఓడ యెక్కెను.