విద్యార్థిగా మోహనదాసు గాంధి

మహాత్మాగాంధి పేరెఱుగని విద్యార్థి మనదేశమున నుండడు. ఆయన నడిపిన సత్యాగ్రహములను గూర్చియు, అనుభవించిన చెఱలను గూర్చియు పాఠ్యపుస్తకములలో చదువుచునే యున్నాము. కాని బడిపిల్లవాడుగా నున్ననాడు ఆయన యెట్లు చదివెనో, పరీక్షల నెట్లు వ్రాసెనో చెప్పవలసి వచ్చినప్పుడు ఒక్క చిన్నకథ చెప్పి ముగించుట వాడుక యైనది. ఆ కథ యందఱు నెఱిగినదే. దానికి తరువాయిగా నున్న సంగతులు, నా యభిప్రాయమున దానికంటె విలువగలవి, అంతగా ప్రచారములోనికి రాలేదు. వానిని గూడ చేర్చి యాయన విద్యార్థిదశను సంగ్రహముగా వ్రాయుచున్నాను. ఇందలి విషయములలో పెక్కులు ఆయనయే తన ఆత్మకథయందు దాపఱికము లేక తెలిపినవి.

మోహనదాసు 1869వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన కాఠియవాడములోని పోరుబందరునందు జన్మించెను. తండ్రి కరంచందు గాంధి యా సంస్థానమునకు దివాను. తల్లి పుత్లీబాయి నియమవ్రతములయందు మిక్కిలి నిష్ఠగల యిల్లాలు. బాలునకు ఏడేండ్ల ప్రాయమున కుటుంబము రాజకోటకు చేరెను. అచ్చటి ఉన్నతపాఠశాలలో 1880లో మోహనదాసు ప్రవేశించెను. తరువాత ఆల్ఫ్రెడ్ హైస్కూలను పేరు వహించిన యా పాఠశాలాభవనము 2018లో గాంధీ ప్రదర్శనశాలగా మార్చబడినది. బాలుడు మిక్కిలి సిగ్గరి. గంట కొట్టువేళకు బడికి వచ్చును. బడి విడిచినతోడనే యింటికి పరుగెత్తును. ఎవరైన పలుకరించి పరిహసింతురేమో యని వాని భయము. పుస్తకములే వాని స్నేహితులు.

పాఠశాలలో చేరిన మొదటి సంవత్సరమే విద్యాశాఖ ఇన్‌స్పెక్టరగు జైల్స్ దొర తనిఖీకి వచ్చెను. ఇన్‌స్పెక్టరు వచ్చు దినమన నెట్టిదో ఉపాధ్యాయుల కెఱుకయే. ఆనాడు పరీక్ష పిల్లలకు మాత్రమే కాదు, వారికి చదువు చెప్పినవారికిని. దొర వర్ణక్రమమును పరీక్షించుటకై అయిదు ఆంగ్లపదములను చెప్పి వ్రాయుమనెను. వానిలో నొకటి కెటిల్, అనగా నీళ్లు కాచుకొను పాత్ర. మోహనదాసు దానిని తప్పు వ్రాసెను. ఉపాధ్యాయుడు చూచి, తన బూటుకొనతో బాలుని తట్టి, ప్రక్కవాని పలక చూచి దిద్దుకొమ్మని సైగ చేసెను. బాలునకు ఆ సైగ బోధపడలేదు. పిల్లలు ఒకరి పలక నొకరు చూడకుండుటకే ఉపాధ్యాయు డచ్చట నిలిచియున్నాడని వాని నమ్మకము. తుదకు అందఱి పలకలలోను అయిదు పదములును సరిగా నుండెను; వాని పలకలో మాత్రమే తప్పు కనబడెను. ఇది నీ తెలివితక్కువతనమని ఉపాధ్యాయుడు తరువాత వానికి నచ్చజెప్ప జూచెను గాని ప్రయోజనము లేకపోయెను. అయినను ఆ గురువుపై వానికి గల గౌరవ మేమాత్రమును తగ్గలేదు. పెద్దల లోపములను వెదకుట వాని స్వభావము కాదు.

ఈ కథను గొప్ప సాహసకార్యముగా వర్ణించువారు కలరు. నాకట్లు తోచదు. తెలిసి నిరాకరించుట వేఱు, తెలియకపోవుట వేఱు. ఆ దినమున బాలుడు ఏ యాశను జయింపలేదు. అట్టి యాశ యొకటి యున్నదనియే యెఱుగడు. ఆయనయు దీనిని ఘనకార్యముగా చెప్పుకొనక, చూచివ్రాయు విద్య తన కెన్నడును పట్టుబడలేదని మాత్రము వ్రాసెను. ఇచ్చట మన మాలోచింపవలసినది మఱియొకటి కలదు. పలకలన్నియు ఒక్కతీరుగా నున్నప్పుడు, ఆ మాట నిజముగా నెవరికి వచ్చునో, ఎవరు ప్రక్కపలకనుండి తెచ్చుకొనిరో దొరకెట్లు తెలియును? మఱునాడు పాఠము చెప్పవలసిన ఉపాధ్యాయునకు మాత్ర మెట్లు తెలియును? తప్పుతో నిలిచిన యా యొక్క పలకయే, ఈ బాలునకు ఈ మాట ఇంకను నేర్పవలసియున్నదని స్పష్టముగా చెప్పుచుండెను.

మోహనదాసు గొప్ప తెలివిగల విద్యార్థి యని తలంపరాదు. పోరుబందరులో ఎక్కములు నేర్చుటకే కష్టపడెను. బహుమానములు వచ్చినప్పుడు తనకే ఆశ్చర్యము కలిగెడిది. అయిదవ తరగతిలో నెలకు నాలుగు రూపాయలును, ఆఱవ తరగతిలో పది రూపాయలును విద్యార్థివేతనము దొరకెను. అవి సోరఠు ప్రాంతపు బాలుర కేర్పఱచబడినవి. నలువది యేబదిమంది గల తరగతిలో ఆ ప్రాంతమువా రెందఱుందురు? కావున అది తన ప్రజ్ఞ కాదు, అదృష్టమే యని ఆయన తేల్చెను. తన నడవడిని మాత్రము కంటికి ఱెప్పవలె కాపాడుకొనెడివాడు. ఒకమాఱు దెబ్బ తినవలసివచ్చెను. దెబ్బకు కాదు, దానికి తాను తగినవాడనిపించుకొంటినే యని యేడ్చెను.

పదుమూడవ యేట వివాహమగుటచే ఒక సంవత్సరము చదువు చెడెను. ఆ నష్టమును తీర్చుటకు ఉపాధ్యాయుడొకరు వానిని మూడవ తరగతిలో ఆఱు నెలలు మాత్రముంచి నాలుగవ తరగతికి పంపించెను. అచ్చట పాఠములు పెక్కులు ఆంగ్లమున, రేఖాగణితము క్రొత్తది. ఏమియు నర్థము కాక, మఱల వెనుకటి తరగతికి పోదునా యని పలుమాఱులు తలపోసెను. అట్లు పోయినచో తనకే గాక, తన శ్రమను నమ్మి పైకి పంపిన యుపాధ్యాయునకును మాట వచ్చునని నిలిచి చదివెను. యూక్లిడ్ పదుమూడవ సిద్ధాంతము దగ్గఱకు వచ్చునప్పటికి, ఇది వల్లెవేయవలసిన విద్య కాదు, బుద్ధి నుపయోగించిన చాలునని హఠాత్తుగా తెలిసెను. నాటినుండి రేఖాగణితము వానికి సులభమును ప్రియమును అయ్యెను.

సంస్కృత మట్లు కాదు. దానిని కంఠస్థము చేయవలెను. సంస్కృతోపాధ్యాయుడగు కృష్ణశంకర పాండ్య గట్టివాడు. పారసీకము చెప్పువారు మెత్తనివారని పిల్లలలో వాడుక. మోహనదాసు ఒకనాడు పోయి పారసీకపు తరగతిలో కూర్చుండెను. కృష్ణశంకరుడు నొచ్చుకొని, వానిని పిలిచి, కష్టమేదైన నున్నచో తనయొద్దకు రమ్మని ప్రేమతో చెప్పెను. బాలుడు సిగ్గుపడి తిరిగివచ్చెను. ఆనాడు నేర్చిన యా కొంచెము సంస్కృతమే లేకున్నచో మన ధర్మగ్రంథములపై తన కంత ఆసక్తి కలుగకుండెడిదని ఆయన తరువాత తలంచెను. చేతివ్రాత విషయములో మాత్ర మట్టి గురువు దొరకలేదు కాబోలు. మంచివ్రాత చదువులో భాగము కాదని బాల్యమున నుపేక్షించి, పెద్దయైన పిదప దిద్దుకొనబోయి, తన వంకరవ్రాతను చూచి జీవితాంతము చింతించెను.

నిజము పలుకుట ఒక్కటే చాలదని వానికి తెలిసిన సందర్భ మొకటి కలదు. ప్రధానోపాధ్యాయుడగు దొరాబ్జీ యెదుల్జీ గిమీ పై తరగతులవారికి వ్యాయామమును, క్రికెట్టు ఆటను నిర్బంధము చేసెను. మోహనదాసునకు అవి రెండును గిట్టవు. బడి విడిచినతోడనే రోగియగు తండ్రికి శుశ్రూష చేయవలెనని వాని కోరిక. ఒక శనివారమున బడి ఉదయము జరిగెను. సాయంకాలము నాలుగుగంటలకు వ్యాయామమునకు మఱల రావలెను. వానియొద్ద గడియారము లేదు. ఆకాశము మబ్బుగా నుండుటచే వేళ తెలియలేదు. వాడు పోవునప్పటికి అందఱును వెడలిపోయిరి. మఱునాటి విచారణలో జరిగినది జరిగినట్లు చెప్పెను. గిమీ నమ్మక, ఒకటి రెండణాలు జుల్మానా వేసెను. అబద్ధమాడినవాడని తన్ను తలంచిరి గదా యని బాలుడు మిక్కిలి దుఃఖించెను. తన నిర్దోషిత్వమును నిరూపించుటకు దారి లేదు. నిజము చెప్పువాడు జాగరూకుడుగా గూడ నుండవలెనని యప్పుడు వానికి బోధపడెను. బడిలో చూపిన అజాగ్రత్తకు అదియే మొదలు, అదియే తుది యని ఆయన వ్రాసెను. మేఘములు చేసిన తప్పునకు మేఘములను నిందింపక తన్నే నిందించుకొనుట, పలక కథకంటె నాకు గొప్పగా తోచును.

ఆ వయస్సున చేసిన తప్పులు లేకపోలేదు. దుష్టస్నేహము పట్టెను. పదునైదవ యేట అన్నకు కలిగిన ఋణము తీర్చుటకై అన్న దండకడియమునుండి బంగారపు తునుక తీసెను. పిదప తాళలేక, అంతయు కాగితముపై వ్రాసి, శిక్షింపుడని వేడుచు, మంచము పట్టియున్న తండ్రిచేతి కిచ్చెను. తండ్రి చదివి కంటతడిపెట్టి, కాగితమును చింపివేసెను.

1887లో మోహనదాసు అహమ్మదాబాదుకు పోయి బొంబాయి విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్ష వ్రాసెను. ఆంగ్లమున 200కు 89, గుజరాతీలో 100కు నలువదియైదున్నర, గణితమున 175కు 59, సామాన్యవిజ్ఞానమున 150కి 54 మార్కులు వచ్చెను. అనగా మొత్తము 625కు రెండువందల నలువదియేడున్నర. ఉత్తీర్ణులలో 404వ స్థానము. ఇంటింటను మార్కులపట్టికను ముందు పెట్టుకొని పిల్లలతో తగవులాడు తలిదండ్రులు ఈ యంకెలను ఒకమాఱు నిదానముగా చూడవలెనని కోరుచున్నాను. అవి గొప్పవి కావు. కాని ప్రతి యంకెయు వానిదే.

1888 సెప్టెంబరులో బారిష్టరు చదువునకై ఓడయెక్కి లండనుకు పోయెను. అచ్చట మొదట దొరలవలె దుస్తులు, నాట్యము మొదలగు వేడుకలలో కొంత ధనమును కాలమును పోయెను. ఆ మోజు తీఱిన పిదప చిన్నగదిలోనికి మాఱి, ఉదయమును రాత్రియు తానే వండుకొని, ప్రతి కాసునకును లెక్క వ్రాయుచు, బండ్ల కూలి మిగుల్చుటకు మైళ్లకొలది నడచుచు చదువసాగెను. బారిష్టరు చదువునకు కాలము సరిపోవుటయేగాక మిగులుచుండుటచే లండను మెట్రిక్యులేషనుకు గూడ కట్టెను. లాటిను భాషలో తప్పెను. ఆశ వీడక ఆఱు నెలలు మఱల చదివి, 1890లో ఉత్తీర్ణుడయ్యెను.

ఇక బారిష్టరు పరీక్ష. మొదట చెప్పిన పలక పరీక్షకు నిజమైన రెండవభాగ మిదియే. ఆ దినములలో ఈ పరీక్షలు నామమాత్రములు. గడువునంతయు గడిపి, సత్రములో ఏర్పాటైన విందులకు హాజరగుట ముఖ్యము. రోమను న్యాయశాస్త్రమును రెండువారములలోను, ఆంగ్లన్యాయశాస్త్రమును రెండు మూడు మాసములలోను ఇతరులు వ్రాసిన నోట్సులు చదివి ముగించువారే పెక్కురు. రోమను న్యాయమున నూటికి తొంబదియైదుగురికి తక్కువ కాకుండ తేఱుచుండిరి. కడపటి పరీక్షలో డెబ్బదియైదుగురికి పైగా. ఆ నోట్సులు చదువుటలో దొంగతనము లేదు. చట్టము ఒప్పును, స్నేహితు లొప్పుదురు, పరీక్షించువారును ఒప్పుదురు. ప్రక్కపలక చూచుట తప్పని యెఱిగిన విద్యార్థికి సైతము దీనిలో తప్పు కనబడదు. గాంధికి మాత్రము నిర్ణయించిన గ్రంథములను చదువకుండుట మోసమని తోచెను.

ఎవరికి మోసము? పరీక్షాధికారికి కాదు, ఆయన కంతయు తెలియును. రేపు ఆ నల్లకోటును చూచి, ఈయనకు న్యాయశాస్త్రము తెలియునని నమ్మి, తన యిల్లో భూమియో చేతిలో పెట్టు కక్షిదారునకు మోసము. ఆయన ఈ మాట నిట్లు విడదీసి చెప్పలేదు గాని, ఆయన చేసినపనికి నాకు తోచిన యర్థ మిది. గ్రంథములను చాల ధనము పోసి కొనెను. రోమను న్యాయమును లాటినులోనే చదివెను. ఒకమాఱు తప్పి మఱల నేర్చిన లాటిను అచ్చట పనికివచ్చెను. బ్రూము రచించిన ఆంగ్లన్యాయ గ్రంథమునకే తొమ్మిది మాసములు పట్టెను. స్నెల్లు గ్రంథము కఠినమైనను విడువలేదు. నోట్సులతో తేఱినవారును, ఆయనయు ఒకే పట్టమును పొందిరి. 1891 జూను 10వ తేదీన బారిష్టరై, 11వ తేదీన హైకోర్టులో పేరు నమోదు చేయించుకొని, 12వ తేదీన స్వదేశమునకు బయలుదేఱెను.

ఆ శ్రమకు ప్రతిఫలము వెంటనే కనబడలేదు. బొంబాయిలో మొదటి వ్యాజ్యమున నోరు పెగలక కూర్చుండిపోయెను. 1893లో దాదా అబ్దుల్లా వర్తకసంఘమువారి పనిమీద దక్షిణాఫ్రికాకు పోయినప్పుడు, మన పల్లెటూళ్లలో సైతము వాడుకలో నున్న ప్రోనోటు అను మాట ఆయనకు తెలియదు. నిఘంటువులో వెదకెను, దొరకలేదు. బారిష్టరునని బిగిసికొనక ఒక గుమాస్తా నడిగి తెలిసికొనెను. జమాఖర్చుల శాస్త్రమునకు పుస్తకము కొని చదివెను. తెలియనిది తెలియదని పలకమీద నుంచుట చిన్ననాటనే యలవాటైనవానికి అడుగుట కష్టము కాదు. ఆ దేశపు న్యాయమునకు రోమను న్యాయము పునాది యగుటచే, లండనులో లాటినున చదివిన గ్రంథము ఆయనకు మిక్కిలి తోడ్పడెను.

దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగా నున్న కాలముననే లెక్కలతో నిండిన వ్యాజ్య మొకటి ఆయనచేతికి వచ్చెను. మధ్యవర్తులు ఆయన కక్షిదారునకు అనుకూలముగా తీర్పు చెప్పిరి. కాని లెక్కలలో పొరపాటున ఖర్చువైపు వ్రాయవలసిన పద్దొకటి జమవైపు పడెను. ఎదుటిపక్షమువారు తీర్పును వేఱు కారణములచే ఎదిరించుచుండిరి. ఈ పొరపాటును మనమే చూపవలసిన పనిలేదనియు, చూపినచో తీర్పంతయు కొట్టివేయబడు ననియు పెద్ద న్యాయవాది వాదించెను. చూపవలసినదే యని గాంధి పట్టుపట్టెను. పెద్ద న్యాయవాది ఆ షరతుపై వాదించుటకు సమ్మతింపలేదు. కక్షిదారుడు కొంతసే పాలోచించి, ఒప్పుకొని, వ్యాజ్యమును గాంధియే వాదింపవలెనని కోరెను. ఆయన వణకుచునే న్యాయస్థానమున నిలిచి పొరపాటును తెలిపెను. న్యాయమూర్తులలో నొకరు ఇది యేదో తంత్రమని సందేహించి పరుషముగా మాటలాడిరి. ఆయన మనస్సు కుతకుతలాడినను ఓర్చుకొని, లెక్కను మొదటినుండి వివరించెను. అంతయు వినిన పిదప న్యాయస్థానము ఆ పద్దును సరిదిద్ది, తీర్పును స్థిరపఱచెను. కక్షిదారుడును, ఆ పెద్ద న్యాయవాదియు సంతోషించిరి.