ఓడినవాడి పక్షాన ఆలోచించిన శిక్షకుడు రహీం సాబ్

హైదరాబాద్ ఫుట్‌బాల్ పేరెత్తగానే పాతతరం క్రీడాభిమానులకు మొదట గుర్తుకు వచ్చే వ్యక్తి సయ్యద్ అబ్దుల్ రహీం. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను జరిగిన ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు స్వర్ణ పతకం గెలిచినప్పుడు శిక్షకుడు ఆయనే. 2024లో ఆయన జీవితంపై హిందీ చలనచిత్రం విడుదలైన తరువాత ఈ తరం వారికి కూడా ఆ పేరు కొంత తెలిసింది. అయితే పతకాల సంగతి ప్రచారమైనంతగా, బడి ఈడు పిల్లల చేత ఆయన ఆడించిన ఆటల సంగతి ప్రచారం కాలేదు. మన మండల స్థాయి పాఠశాలల పోటీలలో ఒక జట్టు పది, పన్నెండు గోల్స్ కొట్టడం, రెండో జట్టు పిల్లలు కళ్ళు తుడుచుకుంటూ ఆటో ఎక్కడం, వారిలో సగం మంది మరుసటి ఏడాది మైదానం మొహం చూడకపోవడం మామూలైపోయింది. అందుకే ఆ సంగతి ఇప్పుడు చెప్పుకోవలసి వస్తోంది.

1909 ఆగస్టు 17న జన్మించిన రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ తదితర పాఠశాలలలో పనిచేశారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యతలు స్వీకరించి, మరణించే వరకు అందులోనే కొనసాగారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలుచుకుంది. ఇంత గట్టి జట్టును తయారుచేసినా ఆయన చూపు ఎప్పుడూ కుర్రాళ్ళ మీదనే ఉండేది.

ఆ కుర్రాళ్ళ కోసం ఆయన వింత వింత నిబంధనలతో పోటీలు పెట్టించేవారు. ఒక పోటీలో బంతిని కాలి దగ్గరే ఉంచుకుని ఒక్కడే తోసుకుపోవడం నిషిద్ధం. బంతి అందగానే తోటివాడికి అందించాలి. ఇంకొక పోటీలో వాటం లేని కాలితోనే తన్నాలి. అంటే కుడి వాటం వాడు ఎడమ కాలితో, ఎడమ వాటం వాడు కుడి కాలితో ఆడాలన్నమాట. మరొక పోటీ ఐదడుగుల ఎత్తుకు మించని పిల్లలకు మాత్రమే.

వినోదం కోసం పెట్టినవి కావు ఇవి. కనికరంతో పెట్టినవి కూడా కావు. ఆటలో నేర్పు పెంచడమే ఆయన ఉద్దేశం. కాని వీటిని మన ఊరి మైదానం పక్కన నిలబడి ఆలోచిస్తే మరో ప్రయోజనం కనిపిస్తుంది. పిల్లల ఆట ఏకపక్షం అయ్యేది చాలాసార్లు ఒకే ఒక్క కుర్రాడి వల్ల. పదో తరగతికే మీసం వచ్చి, అందరికన్నా తలెత్తు పొడుగున్నవాడు ఒకడు ఉంటాడు. బంతి ఎవరికి దొరికినా వాడికే తన్నుతారు. వాడు బంతి తీసుకుని ఇటు నుంచి అటు దాకా పోయి గోల్ కొట్టి వస్తాడు. అవతలి జట్టు వారి సంగతి సరే, వాడి జట్టులోని పిల్లలకే ఆట రాదు. ఐదడుగుల నిబంధన పెడితే చిన్న పిల్లలు వాడి నీడ లేకుండా ఆడుకుంటారు. ఒంటరిగా తోసుకుపోకూడదంటే వాడు తలెత్తి తోటివారిని చూడక తప్పదు. రెండో కాలితో ఆడమంటే మొనగాడు కూడా మళ్ళీ ఓనమాలు దిద్దుకోవాలి. గట్టివాడిని మెల్లగా ఆడమని ఈ నిబంధనలు ఎక్కడా చెప్పవు. వాడి పని కష్టం చేస్తాయి, అంతే.

ఆట ఏకపక్షమైనప్పుడు మన డ్రిల్లు మాస్టార్లు సాధారణంగా రెండింటిలో ఏదో ఒకటి చేస్తున్నారు. గోల్స్ లెక్క పెంచుకుంటూ పోవడం ఒకటి. దాడి మానిపించి, బంతిని తమలో తామే అటూ ఇటూ తన్నుకోమని చెప్పి నవ్వుతూ నిలబడటం రెండోది. ఓడుతున్న పిల్లలకు మొదటిదానికన్నా రెండోదే ఎక్కువ అవమానమని ఈ విలేకరి అభిప్రాయం. పన్నెండో గోల్ తిన్నవాడికి కనీసం తనతో నిజంగా ఆడుతున్నారన్న మర్యాద దక్కుతుంది. రహీం నిబంధనలలో మూడో దారి ఉంది. ఆరు గోల్స్ ఆధిక్యం వచ్చాక ఇక రెండో కాలితోనే గోల్ కొట్టాలని, అంతకుముందు బంతి అయిదుగురి చేతులు మారినట్టు అయిదుగురి కాళ్ళు మారాలని తన పిల్లలకు చెవిలో చెప్పడానికి మాస్టారికి పైసా ఖర్చు లేదు. గట్టు మీద కూర్చున్న పిల్లలను కూడా ఆడించవచ్చు. అవతలి జట్టుకు ఈ సంగతి తెలియనవసరం లేదు. గోల్స్ తేడా చూసి పై దశకు పంపే పోటీలలో మాత్రం ఇది కుదరదు. ఆ పాపం నిబంధన రాసిన నిర్వాహకులది.

ఓడే జట్టు పక్కన నిలబడటం ఎలా ఉంటుందో రహీంకు స్వయంగా తెలుసు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో శైలేన్ మన్నా నాయకత్వంలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 గోల్స్‌తో ఓడింది. మన వారిలో పలువురు బూట్లు లేకుండా ఆడారు. ఆ ఒక్క గోల్ అహమ్మద్ ఖాన్ చేసినది. యుగోస్లావియా సామాన్యమైన జట్టు కాదు, ఆ ఒలింపిక్స్‌లో రజతం గెలిచింది. ఆ ఓటమి తరువాత మన ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి అయ్యాయి.

నాలుగేళ్ళ తరువాత, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు రహీం తీసుకువెళ్ళిన జట్టులో హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. వారిలో సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ఒకరు. పేద కుటుంబం. శిక్షణకు రావడానికి సైకిలు అద్దె డబ్బులు కూడా రహీమే ఇచ్చారు. ఆ ఒలింపిక్స్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టారు. ఆసియా దేశం ఒకటి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరడం అదే మొదటిసారి.

సెమీఫైనల్‌లో ఎదురైనది మళ్ళీ యుగోస్లావియాయే. ఈసారి మొదటి గోల్ మనది. చివరికి 4-1తో ఓడిపోయినా, పది గోల్స్ తిన్న జట్టు ఇదేనా అనిపించేటంత తేడా కనిపించింది. మూడో స్థానం కోసం ఆడిన ఆటలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది.

1962లో జకార్తాలోనూ ఇంచుమించు ఇదే జరిగింది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో మన జట్టును ఓడించింది. రహీం అప్పటికే జబ్బు మనిషి. రక్షణ పంక్తిలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడితే, ఇంటికి పంపకుండా ఆయనను ముందు పంక్తికి మార్చారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్ళీ దక్షిణ కొరియాయే ఎదురైంది. ప్రేక్షకులంతా భారత జట్టుకు వ్యతిరేకంగా గోల చేస్తున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, కట్టు కట్టుకున్న తలతో జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది.

తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత పురుషుల జట్టుకు మళ్ళీ స్వర్ణం రాలేదు.