ఏరి ఎనిమిదే తీసుకోవాలంటే... ఘంటసాల రికార్డులలో ఏవి?

గుడివాడ: మనిషి జాడలేని ఒక దీవిలో ఒంటరిగా గడపవలసివస్తే, వెంట ఎనిమిది గ్రామఫోన్ రికార్డులు మాత్రమే తీసుకువెళ్లే వీలుంటే ఏవి ఏరుకొంటారు? లండన్ బి.బి.సి. రేడియోలో రాయ్ ప్లమ్లీ అనే ప్రయోక్త 1942 జనవరిలో ప్రారంభించిన కార్యక్రమానికి ఈ ప్రశ్నే ఆయువుపట్టు. ప్రముఖులను పిలిచి ఇదే అడుగుతారు. ఎనభై ఏళ్లు దాటినా ఆ కార్యక్రమం నడుస్తూనే ఉంది. ఈ ప్రశ్నను కృష్ణా జిల్లాలో ఏ రచ్చబండ దగ్గర వేసినా సమాధానం కొంత దారి మళ్లక తప్పదు. ఎనిమిదిమంది గాయకులను ఏరడం ఇక్కడ తగవు కాదు. ఒక్క ఘంటసాల వెంకటేశ్వరరావు పాడినవాటిలో ఎనిమిదింటిని తేల్చడమే తగవు. ఆయన కన్నుమూసి యాభై ఏళ్లు గడిచినా ఆ తగవు తీరలేదు.

తీరకపోవడానికి కారణం ఆయన జీవితంలోనే ఉంది. సినిమాలలో ఆయన పాడిన పాటలను చాలావరకు ఇతరులు ఎంచారు. కథ, నటుడు, దర్శకుడు, నిర్మాత కలిసి నిర్ణయించిన పాటలవి. వాటికి వెలుపల ఆయన తనకు తానుగా ఏరుకొని పాడినవి కొన్ని ఉన్నాయి. ఈ రెండు రాశులనూ పక్కపక్కన పెట్టి చూస్తే గాని ఆ మనిషి పూర్తిగా అర్థం కాడు.

ఘంటసాల 1922 డిసెంబరు 4న గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. ఇంటిపేరును చూసి ఆయన స్వగ్రామం ఇదే జిల్లాలోని ఘంటసాల అని భావించేవారు నేటికీ ఉన్నారు. ఆ గ్రామం బౌద్ధస్తూపానికి ప్రసిద్ధి. గాయకుని జన్మస్థలం మాత్రం చౌటపల్లే. తండ్రి సూరయ్య నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. పసివాడైన కుమారుణ్ణి భుజాన కూర్చోబెట్టుకొని భజనలకు తీసుకువెళ్లేవారు. తండ్రి పాటకు కొడుకు నాట్యం చేసేవాడు. గ్రామఫోను పెట్టె సంపన్నుల ఇళ్లలో తప్ప కనిపించని ఆ కాలంలో ఆ బాలునికి అందిన తొలి సంగీతం తండ్రి గొంతే. ఆ గొంతు కూడా ఎంతోకాలం నిలువలేదు. సూరయ్య చిన్నవయసులోనే మరణించారు. కొడుకు సంగీత విద్వాంసుడు కావాలన్నది ఆయన చివరి కోరిక. మేనమామ ఇంట పెరిగిన బాలుడు ఆ కోరికను మరువలేదు.

విజయనగరంలో మాధుకరం

సంగీతం నేర్వాలంటే ఆనాడు ఆంధ్రదేశంలో విజయనగరమే దిక్కు. మహారాజావారి సంగీత కళాశాల 1919లో అక్కడ ఏర్పడింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. తరువాత వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు ఆ పదవిని నిర్వహించారు. వేలి ఉంగరం అమ్మిన సొమ్ముతో ఘంటసాల అక్కడికి చేరారు. సొమ్ము కరిగాక జోలె కట్టి ఇల్లిల్లూ తిరిగి అన్నం తెచ్చుకొన్నారు. మాధుకరం అని పెద్దలు గౌరవంగా పిలిచే ఆ పద్ధతి గౌరవంగా వినిపించినంత సులువైనది కాదు. ప్రతి గడపా అన్నం పెట్టదు. కొన్ని గడపలు మాటలు కూడా పెడతాయి.

అతణ్ణి చేరదీసినవారు పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరు చిన గురువుగారుగా ప్రసిద్ధులైన ఆయన ప్రతిఫలం ఆశించకుండా విద్య నేర్పారు. సాహిత్యాన్ని మింగివేయని సంగీతం కావాలన్నది ఆయన మార్గం. రాగం ఎంత గొప్పదైనా మాట స్పష్టంగా వినపడాలి. భావం చెడకూడదు. తరువాతి కాలంలో ఘంటసాల పాడిన ఏ పద్యం విన్నా ఈ పాఠం తెలుస్తూనే ఉంటుంది. చదువురాని శ్రోతకు కూడా ఒక్క అక్షరం జారిపోకుండా అందించిన ఆ ఉచ్చారణ గాలిలో పుట్టినది కాదు.

లండన్‌లో ఒంటరి దీవి కార్యక్రమం మొదలైన 1942లోనే ఇక్కడ క్విట్ ఇండియా ఉద్యమం మొదలైంది. పట్టా చేతికి వచ్చిన యువగాయకుడు ఉద్యమంలో దూకి, బళ్లారి సమీపంలోని అలీపురం జైలుకు వెళ్లారు. పద్దెనిమిది నెలలు అక్కడే గడిచాయి. రికార్డు లేదు, పెట్టె లేదు. దీవికి ఏమి పట్టుకుపోతారని సరదాగా అడిగే ప్రశ్నకు జైలు మొరటుగా ఇచ్చే సమాధానం ఒక్కటే, కంఠస్థమైనదే మిగులుతుందని.

విడుదలయ్యాక 1944లో వివాహం జరిగింది. అత్తవారి ఊరు రేపల్లె ప్రాంతంలోని పెదపులివర్రు. ప్రసిద్ధ సినీ రచయిత సముద్రాల రాఘవాచార్యుల స్వగ్రామమూ అదే. ఆ పరిచయంతో మద్రాసు ప్రయాణం కుదిరింది. ఆకాశవాణిలో లలితగీతాలు, ఘంటసాల బలరామయ్య తీసిన ‘సీతారామ జననం’లో బృందగానం, 1945లో ‘స్వర్గసీమ’లో భానుమతితో యుగళగీతం... అలా ఒక్కొక్క మెట్టే ఎక్కవలసివచ్చింది. బలరామయ్య ఇంటిపేరు కూడా ఘంటసాలే కావడం వల్ల వారిద్దరూ బంధువులని భ్రమపడేవారు ఉన్నారు. ఇంటిపేరే కలిసింది గాని అవకాశం పాట వల్లనే వచ్చింది.

ఇతరులు ఎంచిన పాటలు

1949లో వచ్చిన ‘కీలుగుర్రం’, ‘మనదేశం’ సంగీత దర్శకునిగా ఆయనను నిలబెట్టాయి. 1951లో ‘పాతాళభైరవి’ ఇంటింటికీ తీసుకువెళ్లింది. 1953లో ‘దేవదాసు’ వచ్చింది. ఆ చిత్ర సంగీత దర్శకుడు సి.ఆర్.సుబ్బరామన్ విడుదలకు ముందే, 1952లో చనిపోయారు. తాగుబోతు ప్రేమికుని పాటలను అంత నమ్మకంగా పాడడం ఎలా సాధ్యమైందన్నది సంగీతం తెలిసినవారికి నేటికీ వింతే. ఎనిమిది రికార్డుల పోటీలో ‘దేవదాసు’కు చోటు లేదని వాదించేవారు ఇంతవరకు కనబడలేదు.

1957 నాటి ‘మాయాబజార్’ దగ్గర తగవు మొదలవుతుంది. దానికి మొదట పనిచేసిన సాలూరి రాజేశ్వరరావు నాలుగు పాటలకు వరుసలు కట్టి తప్పుకొన్నారు. తరువాత బాధ్యత తీసుకొన్న ఘంటసాల ఆ వరుసలను పక్కనపెట్టలేదు. వాద్యబృందాన్ని సమకూర్చి రికార్డు చేయించి, మిగిలిన పాటలు తాను కట్టారు. ఏ పాట ఎవరిదో తెలియని శ్రోతకు అతుకు కనబడదు. ఎదుటివాని వరుసలోని మేలును గుర్తించి దాన్ని కాపాడడం కూడా ఒక ఎంపికే. సినిమారంగంలో అది తరచుగా కనిపించే గుణం కాదు. ఘటోత్కచుని విందు పాటను పాడినది మాధవపెద్ది సత్యం. అది ఘంటసాల ఖాతాలోకి వస్తుందా, రాదా? సంగీతం ఆయనదే కదా అని ఒక వర్గం, గొంతు ఆయనది కాదు కదా అని మరొక వర్గం.

1961లో ‘జగదేకవీరుని కథ’ కోసం పెండ్యాల నాగేశ్వరరావు దర్బారీ కానడలో కట్టిన ‘శివశంకరీ’కి పోటీలేదని కచేరీ శ్రోతలు అంటారు. 1963లో ఆయనే సంగీతం కూర్చిన ‘లవకుశ’ను విడిచిపెడితే పల్లెలలో స్త్రీలు ఒప్పుకోరు. అందులో లీల, సుశీల పాడిన పాటలకే పేరు ఎక్కువ వచ్చింది. తాను తెర వెనుకకు తగ్గి ఇతర గొంతులకు చోటిచ్చిన చిత్రమది. అప్పటికే ఆరేడు పాటలు అయిపోయాయి. రామారావుకు పాడిన గొంతు వేరుగా, నాగేశ్వరరావుకు పాడిన గొంతు వేరుగా ఉంటుందనీ, చెరొక జత తప్పదనీ మరొకరు లేస్తారు. లెక్క అక్కడే తప్పుతుంది.

చిత్రనిర్మాణంలో ఆయన అదృష్టం అంతగా కలిసిరాలేదు. ‘పరోపకారం’, ‘సొంతవూరు’, ‘భక్త రఘునాథ్’ సొంతంగా తీశారు. పాటకు పనికివచ్చిన చెయ్యి పద్దుపుస్తకానికి పనికిరాలేదు.

తాను ఎంచుకొన్న పద్యాలు

సినిమాకు వెలుపల ఆయన ఇచ్చిన ప్రైవేటు రికార్డులను ప్రత్యేకంగా చూడవలసి ఉంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ లక్క ప్లేటులో ఒక్కొక్క వైపు మూడు నిమిషాలకు కాస్త పైగా మాత్రమే పట్టేది. ముల్లు అరిగితే మార్చాలి, ప్లేటు చెయ్యి జారితే ముక్కలే. అంత ఇరుకులో ఏమి పాడాలన్న నిర్ణయం చిన్నది కాదు. సినిమా పాటలకు గిరాకీ పొంగుతున్న రోజులలో ఆయన పద్యాలను ఎంచుకొన్నారు.

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో ఉపన్యాసకులుగా పనిచేసిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘ఉదయశ్రీ’ నుంచి ‘పుష్పవిలాపం’, ‘కుంతీకుమారి’ ఆ విధంగా ప్రజలకు చేరాయి. పూజకు పూలు కోయబోయిన మనిషితో పూలు మొరపెట్టుకోవడం మొదటిదానిలోని విషయం. కన్నబిడ్డను గంగలో విడిచే కన్యక వేదన రెండవది. మధ్యమధ్య వచనం చెబుతూ, పద్యం అందుకొంటూ ఆయన వాటిని పాడారు. ఆ రికార్డు విన్నాక కొన్నాళ్లపాటు పూలు కోయడానికి చేతులాడలేదని చెప్పిన వృద్ధులు మన పల్లెలలో ఉండేవారు. పుస్తకం కొని చదవగలిగినవారు కొందరే. హోటళ్లలో, పెళ్లిపందిళ్లలో, పంచాయతీ రేడియోల దగ్గర నిలబడి విన్నవారు ఎందరో. గుర్రం జాషువా పద్యాలు కూడా ఈ గొంతులోనే అనేకులకు కంఠస్థమయ్యాయి.

ఆయన చేసిన మార్పును గుర్తించాలంటే అంతకుముందు పద్యం ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలి. కృష్ణా, గుంటూరు జిల్లాల నాటకరంగంలో పద్యమంటే రాగమే. నటుడు చివరి పాదాన్ని పట్టుకొని ఎంతసేపు ఆలాపన చేస్తే అంత గొప్ప. ‘వన్స్‌మోర్’ అని ప్రేక్షకులు అరిస్తే యుద్ధంలో పడిపోయినవాడు కూడా లేచి మళ్లీ పాడవలసిందే. ఆ వైభవాన్ని తక్కువ చేయనవసరం లేదు. కాని అందులో కవి మాట ఎక్కడో మునిగిపోయేది. మూడు నిమిషాల ప్లేటు ఘంటసాలకు పెట్టిన నిర్బంధాన్ని ఆయన లాభంగా మలచుకొన్నారు. దీర్ఘాలాపన తగ్గింది. విరుపు అర్థం దగ్గర పడింది. రాగం పద్యానికి ఛాయలా నడిచింది. విజయనగరం గురువు చెప్పిన పాఠం గుంటూరు కవి పద్యంలో, మద్రాసు స్టూడియోలో పంటకు వచ్చింది. తరువాత పాడినవారిలో ఈ బాణీని అనుకరించనివారు అరుదు.

1970లో పద్మశ్రీ లభించింది. 1971లో ఐరోపా, అమెరికా దేశాలలో కచేరీలు చేశారు. ఐక్యరాజ్యసమితిలోనూ ఆయన గానం వినిపించింది. ప్రవాసాంధ్రులు అక్కడ కోరినవి ఎక్కువగా సినిమా పాటలే అయినా పద్యం లేకుండా కచేరీ ముగిసేది కాదు. అప్పటికే మధుమేహం, గుండెజబ్బు ఆయనను కుంగదీస్తున్నాయి.

ఏడువందలలో ఏవి?

ఆరోగ్యం చెడిన ఆ చివరి కాలంలోనే భగవద్గీత రికార్డు తయారైంది. దీవికి పోయేవానికి ఎదురయ్యే చిక్కే ఆయనకూ ఎదురైంది. గీతలో శ్లోకాలు ఏడువందలు. లాంగ్‌ప్లే రికార్డు నిడివి పరిమితం. తెలుగు తాత్పర్యం కూడా చెప్పాలి. నూటికి పైగా శ్లోకాలు ఉంచి, మిగిలినవి విడిచిపెట్టవలసివచ్చింది. ప్రతి అధ్యాయం నుంచీ కొంత రావాలి, కథ తెగిపోకూడదు, పండితుడు నొచ్చుకోకూడదు, పొలం నుంచి వచ్చిన రైతుకు అందాలి. విడిచిన శ్లోకాలపై పండితులకు అభ్యంతరాలు ఉండవచ్చు. ఉంచిన శ్లోకాలు మాత్రం సంస్కృతం ముక్కరాని లక్షలమందికి నోటికి వచ్చాయి. సంగీతం ఆయనే సమకూర్చారు. సినిమా పాటలోని మెరుపులు ఇందులో లేవు. అలసిన గొంతు దాచుకోకుండానే పలికింది. తాత్పర్యం చెప్పే చోట ఇంట్లో పెద్దవాడు కూర్చోబెట్టి మాట్లాడుతున్నట్లుంటుంది.

ఆ రికార్డు ప్రజల చేతికి అందేనాటికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. వయసు యాభై ఒక్క సంవత్సరాలు.

తరువాత జరిగినది ఆయన ఊహించి ఉండరు. బతికున్నవారు వినాలని పాడిన గీత, మరణించినవారి ఇంటి గుర్తుగా మారింది. పల్లెలో తెల్లవారుజామున మైకులో ఘంటసాల గీత వినిపిస్తే ఎవరు పోయారని అడుగుతారు. వైకుంఠరథాలలో అదే మోగుతుంది. అందువల్లనే మామూలు రోజున ఇంట్లో దాన్ని పెట్టడానికి సందేహించే కుటుంబాలు ఏర్పడ్డాయి. కర్తవ్యం వదిలి కూలబడిన అర్జునుణ్ణి లేపి యుద్ధానికి పంపిన గ్రంథానికి ఇది తగిన మర్యాద కాదు. తప్పు రికార్డుది కాదు, అలవాటుది. ఆ సమయంలో మరే గొంతూ ఓదార్చలేదన్న నమ్మకం దాని వెనుక ఉన్నదనీ ఒప్పుకోవాలి.

2003లో తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ల విడుదల చేసింది. విజయవాడలోని ప్రభుత్వ సంగీత కళాశాల ఆయన పేరుతో నడుస్తోంది. లక్క ప్లేట్లు అటకలెక్కాయి, క్యాసెట్లు పోయాయి, సీడీలూ పోయాయి. వేలపాటలు జేబులోని ఫోనులో ఇమిడిపోతున్న కాలంలో ఎనిమిదే ఏరుకొమ్మనడం విడ్డూరంగా తోచవచ్చు. అయినా అడిగి చూస్తే తేడా బయటపడుతుంది. యువకులు ఎనిమిదీ సినిమాల నుంచే చెబుతారు. అరవై దాటినవారు ‘పుష్పవిలాపం’ దగ్గర ఆగుతారు. భగవద్గీతను మొదటి స్థానంలో పెట్టాలా, ఎనిమిదవ స్థానంలో పెట్టాలా అన్న చోట మాత్రం ఒకే ఇంట్లో తండ్రీకొడుకులు కూడా ఏకాభిప్రాయానికి రావడంలేదు.