అరుణగిరి యోగి

విశ్రాంతి కోరి కొండకు వెళ్ళేవారు చల్లని గాలిని, చక్కని వసతిని చూసుకుంటారు. సాధకునికి ఏకాంతం, గుక్కెడు నీరు, పిడికెడు అన్నం లభించే చోటు చాలు. అట్టి చోటును ఒకే కొండపై వెదకుకొని, యాభై మూడేళ్ళకు పైగా దానిని వీడక జీవించిన మహాత్ముడు రమణ మహర్షి.

రమణుల అసలు పేరు వెంకటరామన్. వారు 1879 డిసెంబరు 30న తమిళనాడులోని తిరుచ్చుళిలో సుందరమయ్యరు, అళగమ్మ దంపతులకు జన్మించారు. పన్నెండేళ్ళ ప్రాయంలో తండ్రి గతించగా, మధురలో పినతండ్రి ఇంట పెరిగారు. 1895లో బంధువొకరు తాను అరుణాచలం నుండి వచ్చానని చెప్పారు. చిన్ననాటి నుండి మనసులో మెదలుతున్న ఆ పేరు గల ఊరు నిజంగా ఉన్నదని, అక్కడికి పోవచ్చునని అప్పుడే ఆ బాలునికి తెలిసింది.

1896 జూలైలో ఒకనాడు హఠాత్తుగా మరణభయం ఆయనను ఆవహించింది. ఎవరినీ పిలువక, నేలపై శవంవలె పడుకొని, దేహం నశించినా మిగిలేది ఏమిటని విచారించారు. అటుపిమ్మట చదువుపై మనసు నిలువలేదు. అన్నగారు మందలించిన నాడే, ఆగస్టు 29న, ఇల్లు విడిచారు. అన్న కళాశాల రుసుముకై ఇచ్చిన ఐదు రూపాయలలో మూడు మాత్రమే తీసుకొని, తన కోసం వెదకవద్దని ఉత్తరం వ్రాసి ఉంచారు. డబ్బు చాలక కొంతదూరం నడిచి, చెవిపోగులు తాకట్టు పెట్టి, సెప్టెంబరు 1న అరుణాచలం చేరారు.

మొదట ఆలయంలోని వేయికాళ్ళ మండపంలో కూర్చున్నారు. ఆకతాయి పిల్లలు రాళ్ళు రువ్వగా, చీకటి నిండిన పాతాళలింగ గుహలోకి వెళ్ళారు. అక్కడ పురుగులు తొడలను తొలిచినా ఆయనకు స్పృహ లేదు. భక్తులే ఆయనను వెలికి తెచ్చారు.

1898లో తల్లి వచ్చి ఇంటికి రమ్మని కన్నీటితో వేడుకొన్నది. మౌనంలో ఉన్న కుమారుడు, ప్రారబ్ధం ఎవరికీ తప్పదనే భావాన్ని కాగితంపై వ్రాసి చూపగా, ఆమె ఒంటరిగా తిరిగి వెళ్ళింది.

1899లో రమణులు కొండపైన విరూపాక్ష గుహకు చేరారు. వేసవిలో అక్కడ నీరు కరవైనప్పుడు మామిడిచెట్టు గుహకు మారేవారు. 1907లో ఉత్తరాంధ్రకు చెందిన సంస్కృత పండితుడు కావ్యకంఠ గణపతిముని ఆ గుహలోనే ఆయనను శరణుజొచ్చి, భగవాన్ రమణ మహర్షి అని నామకరణం చేశారు. ఆ తెలుగువాడు పెట్టిన పేరే లోకమంతటా నిలిచింది.

1916లో తల్లి కుమారుని వద్దనే ఉండిపోవడానికి వచ్చింది. గుహ ఇరుకుకాగా, ఏడాది పొడవునా ఊట పారే స్కందాశ్రమానికి మారారు. ఒకనాడు వెంట రానని చెప్పిన కుమారుడే తల్లి చివరి ఘడియల్లో ఆమె చెంత కూర్చుని, గుండెపై, తలపై చేతులుంచి కాపాడారు. 1922 మే నెలలో ఆమె కన్నుమూసింది. ఆ సమాధి చెంతకు వచ్చిపోతూ, డిసెంబరులో రమణులు కొండ దిగువనే నిలిచిపోయారు. అక్కడే రమణాశ్రమం వెలసింది. 1924లో దొంగలు ఆయనను కొట్టినా, వారిపై తిరగబడబోయిన శిష్యులను వారించారు. తాను రచించిన ఉపదేశసారాన్ని తెలుగులోనూ స్వయంగా వెలయించారు.

1949 నాటికి ఎడమచేతిపై వ్రణం లేచింది. పలుమార్లు శస్త్రచికిత్స జరిగినా తగ్గలేదు. 1950 ఏప్రిల్ 14న మహర్షి సిద్ధిపొందారు. ఆ యేడే తెలుగు రచయిత చలం అరుణాచలం చేరి, 1979లో మరణించేవరకు అక్కడే నివసించారు.

నీటి కోసం, తల్లి కోసం రమణులు గుహలు మార్చారేగాని కొండను మార్చలేదు. వసతిని అవసరానికి తగినట్లు మార్చుకోవచ్చు, గమ్యం మాత్రం స్థిరంగా ఉండాలన్నదే వారి జీవితం మనకు నేర్పే పాఠం.