తప్పును దాచని కొలత



వాకాడు దగ్గరి దుగరాజపట్నం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1626 ప్రాంతంలో ఇంగ్లీషు వర్తకులు అక్కడ స్థావరం ఏర్పరచుకొన్నారు. తరువాత 1639లో మద్రాసులో స్థలం సంపాదించి అటు తరలిపోయారు. మన దేశాన్ని శాస్త్రీయంగా కొలిచే మహత్కార్యం ఆ మద్రాసులోనే మొదలైంది. దానిని ప్రారంభించిన విలియం లాంబ్టన్ జీవితం ఈ వారం తెలుసుకుందాం.

ఆయన ఇంగ్లండులోని యార్క్‌షైరులో ఒక పేద కుటుంబంలో జన్మించి, సైన్యంలో చేరారు. 1799 శ్రీరంగపట్నం యుద్ధం ముగిశాక, దేశాన్ని త్రిభుజాలుగా విభజించి కొలుస్తానని ప్రభుత్వానికి విన్నవించారు. ఒక్క గీత పొడవు సరిగా తెలిస్తే చాలు, మిగిలిన దూరాలను కోణాలతో లెక్కకట్టవచ్చు. మరి ఆ మొదటి గీతే తప్పయితే? దేశమంతా తప్పే!

అందుకే 1802లో పునీత తోమాసుగారి కొండ దగ్గర ఏడున్నర మైళ్ల గీతను కొలవడానికి ఆయనకు 57 రోజులు పట్టింది. నూరు అడుగుల ఉక్కు గొలుసుతో కొలిచారు. ఎండకు ఉక్కు సాగుతుంది కదా! గొలుసుకు నీడపట్టి, ఉష్ణమాపకాలు ఉంచి, సాగిన మేరకు లెక్కను సవరించారు. 1804లో బెంగుళూరు వద్ద మరో గీత కొలిపించి, లెక్కతో సరిచూశారు. తేడా నాలుగు అంగుళాల లోపే.

1808లో తంజావూరు పెద్దగుడిపైకి ఎక్కిస్తుండగా తాడు తెగి, అరటన్ను బరువున్న కోణమాపక యంత్రం గోడకు కొట్టుకొని వంకరపోయింది. ఆయన ఆరువారాలు గుడారంలో కూర్చుని, తన చేతులతోనే దానిని సరిచేశారు.

ఇంత జాగ్రత్తపడినా ఒక తప్పు మిగిలింది. తూర్పు పడమరల స్థానాన్ని కాలాన్నిబట్టి నిర్ణయిస్తారు. భూమి 4 నిమిషాలలో ఒక డిగ్రీ తిరుగుతుంది. టెలిగ్రాఫు లేని ఆ రోజులలో, గ్రీనిచ్‌కూ మద్రాసుకూ మధ్య కాలభేదాన్ని మద్రాసు ఖగోళ పరిశోధనశాలవారు బృహస్పతి ఉపగ్రహాల గ్రహణాలను చూసి కట్టారు. అందులో సుమారు 10 సెకన్ల పొరపాటు దొర్లింది. ఊరికీ ఊరికీ మధ్య దూరాలు చెడలేదు గాని, పటంలో దేశమంతా, మన వాకాడు తీరంతో సహా, 4 కిలోమీటర్లకు పైగా తూర్పుకు జరిగిపోయింది! 19వ శతాబ్దం చివర టెలిగ్రాఫు ద్వారా కాలాన్ని పోల్చి చూశాక ఆ తప్పు స్పష్టంగా తేలింది.

అది తెలియకుండానే లాంబ్టన్ 1823 జనవరి 20న, హైదరాబాదు నుంచి నాగపూరు వెళుతూ, హింగన్‌ఘాట్‌లో కన్నుమూశారు.

నేడు మన పొరుగునున్న శ్రీహరికోట నుంచి దారిచూపే ఉపగ్రహాలు ఎగురుతున్నాయి. వాటి గడియారం సెకనులో వందకోట్లవ వంతు తప్పితే, దూరం లెక్క ఒక అడుగు తప్పుతుంది. నడిసముద్రంలోని బోటుకు ఆ లెక్కే ఆధారం.

తప్పు లేని కొలత లేదు. తాను ఎలా కొలిచారో, ఎంత తేడా వచ్చిందో దాచకుండా రాసిపెట్టడమే లాంబ్టన్ గొప్పతనం. అందుకే తరువాతివారు దిద్దగలిగారు. మీ పిల్లలు లెక్క తప్పినప్పుడు కోప్పడకండి. ఎక్కడ తప్పిందో వారినే చూపమనండి.