కోలరిడ్జ్ కవి జీవితము: వాడుక, దుర్వినియోగము, వ్యసనము

శామ్యూల్ టేలర్ కోలరిడ్జ్ 1772వ సంవత్సరమున ఇంగ్లాండు దేశములో ఆటరీ సెయింట్ మేరీ అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి అక్కడి సంఘకాపరి. బాల్యమున ఒకనాడు ఇతడు అన్నతో పోట్లాడి ఇల్లు విడిచి, రాత్రంతయు ఏటి ఒడ్డున చలిలో పడియుండెను. తరువాత బడిలో చదువుకొను దినములలో కీళ్ల జ్వరము పట్టుకొనెను. ఆ నొప్పులు మరల మరల తిరుగబెట్టుచుండెను.

ఆ కాలమున వైద్యులు నొప్పులకు లాడనమ్ ఇచ్చెడివారు. అది సారాయిలో కరిగించిన నల్లమందే. అంగడికి పోయి అడిగిన ఎవరికైనను అమ్మెడివారు. కోలరిడ్జ్ కూడ మొదట నొప్పికే త్రాగెను. అది వాడుక, అందులో నేరమేమియు లేదు.

1800లో కెస్విక్ అను చలిప్రదేశమునకు కాపురము మార్చిన పిమ్మట అతని మోకాళ్లు వాచెను. క్రమముగా నొప్పికే గాక నిద్రకు, దిగులుకు, భార్యతో కలిగిన కలతలకు కూడ సీసా తీయసాగెను. ఇది దుర్వినియోగము. ఇంటివారు కనిపెట్టి ఆపదగిన సమయము అదే. ఎండ తగిలిన బాగుపడుదునని 1804లో మాల్టా ద్వీపమునకు ఓడ ఎక్కెను గాని, 1806లో తిరిగి వచ్చునప్పటికి వ్యసనము ముదిరెను. త్రాగకున్న చెమటలు, కడుపు బాధ. త్రాగిన భయంకరమైన కలలు. సంసారము చెదరెను. 1810లో ప్రాణమిత్రుడైన వర్డ్స్‌వర్త్ దూరమాయెను.

జనులు అతనిని సోమరి అనిరి. నాకు ఆ మాట న్యాయముగా తోచదు. తాను మందుల అంగడిలో కాలు పెట్టకుండ కాచుటకు అతడు ఒక మనిషిని వెంట పెట్టుకొని, మరల తానే ఆ మనిషి కన్నుగప్పి లోనికి పోయెనని చెప్పుదురు. రోమా పత్రిక 7వ అధ్యాయము చదివినవారికి ఈ పోరాటము క్రొత్త కాదు. నేటి వైద్యులు దీనిని మెదడుకు పట్టిన వ్యాధిగా ఎంచుచున్నారు.

బానిస వ్యాపారముపై పోరాడిన విల్బర్‌ఫోర్సు గారును ఆ కాలమువారే. 1788లో కడుపు వ్యాధికి వైద్యులు ఆయనకు నల్లమందు ఇచ్చిరి. మానిన వ్యాధి తిరుగబెట్టెడిది గనుక 1833లో మరణించువరకు పుచ్చుకొనుచునే యుండెను. అయినను మోతాదును అదుపులో ఉంచుకొనెను, చేపట్టిన పనిని విడువలేదు. శరీరము మందుకు అలవాటుపడుట ఒకటి, మనుష్యుడు మందుకు దాసుడగుట మరియొకటి.

1816 ఏప్రిలులో కోలరిడ్జ్ తన సంగతి దాచక ఒప్పుకొని, హైగేటులోని గిల్మన్ అను వైద్యుని యింట చేరెను. ఆ వైద్యుడు అతనిని నిందింపలేదు; మోతాదు కొలిచి ఇచ్చెను, తన బల్లయొద్ద చోటిచ్చెను. రోగి అప్పుడప్పుడు దొంగచాటుగా మందు తెప్పించుకొనుచునే యుండెను, ఎన్నడును పూర్తిగా మానలేదు. అయినను మరల వ్రాయగలిగెను. క్రైస్తవ ధ్యానమునకు తోడ్పడు గ్రంథమొకటి 1825లో వెలువడెను. కొద్దికాలమునకని వచ్చినవాడు ఆ యింటనే పదునెనిమిది సంవత్సరములు ఉండి, 1834 జూలై 25న అక్కడనే కన్నుమూసెను.