శ్రీమతి మాలతీ చందూర్

పుష్కరకాలమునకు పూర్వము దివంగతులైన శ్రీమతి మాలతీ చందూర్ గారి నవలలను గూర్చి సాహిత్యసభలలో ప్రసంగించువారు నేటికిని గలరు. కాని తెలుగువారి యిండ్లలోనికి ఆమె పేరును గొనిపోయినది నవల యొక్కటియే కాదు. ఒక వంటపుస్తకము, వారపత్రికలో నొక శీర్షిక, ఆకాశవాణి ప్రసంగములు. ఈ మూడింటిని మన విమర్శకులు చిఱునవ్వుతో దాటిపోవుట పరిపాటియైనది. ఇది పెద్దపనిని చిన్నపనిగా నెంచుటయే.

ఆమె 1928వ సంవత్సరమున కృష్ణాజిల్లా నూజివీడులో జన్మించిరి. చదువు కొంత నూజివీడులోను, కొంత ఏలూరులోను సాగినది. 1947 ప్రాంతమున చెన్నపట్టణము చేరి, శ్రీ ఎన్. ఆర్. చందూర్ గారిని వివాహమాడిరి. చందూర్ గారును రచయిత. జగతి యను మాసపత్రికను నడిపినవారు. ఉన్నతపాఠశాలతో నిలిచిన చదువును మాలతిగారు స్వయంకృషిచే ఎంతదూరము సాగించిరో ఆమె గ్రంథములే చెప్పును.

కురబలకోట ప్రాంతపు మెట్టపల్లెలో పెరిగిన పిల్లకు రాగిసంగటి కెలుకుటను ఎవరును పుస్తకము జూపి నేర్పలేదు. నూకలు ఎంతవఱకు ఉడుకవలెనో, పిండి యెప్పుడు వేయవలెనో, ఉండలు కట్టకుండ ఎట్లు కెలుకవలెనో తల్లి ప్రక్కన నిలిచి చూచి నేర్చినది. కృష్ణాతీరమున ఆవకాయకు ఆవపిండి, కారము, ఉప్పు పాళ్లును అట్లే చేతినుండి చేతికి వచ్చినవి. ఆ విద్యకు చేతి యంచనాయే కొలత. భర్త యుద్యోగము వెంట చెన్నపట్టణమునకో, బొంబాయికో, ఢిల్లీకో పోయి, ఒక గది యద్దెకు దీసికొని కాపురము పెట్టిన చిన్నదానికి ఆ చేయి అందదు. తల్లికి జాబు వ్రాసి, బదులు వచ్చువఱకు పులుసు పొయ్యిమీద నిలువదు గదా! మాలతిగారి ‘వంటలు - పిండివంటలు’ అను గ్రంథము ఈ కొఱతను దీర్చినది. సుమారు 30 పర్యాయములు ముద్రణము పొందు భాగ్యము తెలుగున ఎన్ని గ్రంథములకు గలిగినది?

పాకమును గూర్చి వ్రాయుట మనదేశమున క్రొత్త గాదు. పశ్చిమ చాళుక్య ప్రభువగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున అన్నభోగమును సవిస్తరముగా వర్ణించెను. నలుని పేర పాకదర్పణము వెలసినది. రాజు వ్రాసినప్పుడు శాస్త్రమైన విషయము గృహిణి వ్రాసినప్పుడు పొయ్యికడ ముచ్చట యెట్లగునో మాకు బోధపడదు. సోమేశ్వరుని వంటలు రాజభోగమునకు. మాలతిగారివి నెలజీతముపై బ్రదుకు సంసారమునకు. కష్టమైనది రెండవదియే.

మద్రాసు ఆకాశవాణి కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను ఆరంభమైనవి. మాలతిగారు మద్రాసు కేంద్రమునుండి ప్రసంగములు చేసిరి. పుస్తకము అక్షరమెఱిగినవారికే యుపయోగపడును. రేడియోను బియ్యము చెఱుగుచునే వినవచ్చును. వినువారు మధ్య నాపి మరల నడుగుటకు వీలులేదు గనుక వాక్యము చిన్నదిగా, మాట తేటగా నుండవలెను. ఆ యభ్యాసము ఆమె వ్రాతకును అబ్బినదని మా యూహ.

ఆంధ్రప్రభ వారపత్రికలో ఆమె దశాబ్దములు నడిపిన ప్రమదావనము ఈ రెండింటికిని మించినది. కాళిదాసాదుల నాటకములలో ప్రమదావనము అంతఃపురకాంతల యుద్యానము. పరుల కచట ప్రవేశము లేదు. ఈ ప్రమదావనమునకో, కార్డుముక్కయే ప్రవేశపత్రము. వంటను గూర్చి ఒకరు, ఆరోగ్యమును గూర్చి మఱియొకరు, సంసారపు చిక్కులను గూర్చి వేఱొకరు, లోకవార్తలను గూర్చి ఇంకొకరు వ్రాసి యడిగిరి. ఇంటిలో నెవరితోను చెప్పుకొనలేని మాటను, ఎన్నడును చూడని యొక స్త్రీకి వ్రాసి, బదులుకై పత్రిక వచ్చువఱకు వేచియుండుట సామాన్యమైన నమ్మకము గాదు. సంపాదకీయములు వ్రాయు మావంటివారికి అట్టి జాబులు వచ్చుట యరుదు. వంట చెప్పిన నోటినుండి వచ్చినది గనుకనే చదువు, ఉద్యోగము, హక్కు అను మాటలు ఆ యిండ్లలో ఎవరికిని బెదురు పుట్టింపక చొచ్చినవని మేము తలంతుము.

స్వాతి పత్రికలో ‘పాత కెరటాలు’ అను శీర్షికన ఆంగ్లమునందలి ప్రసిద్ధ నవలలను తెలుగువారికి పరిచయము చేసిరి. తమిళ నవలలను అనువదించిరి. ఆమె స్వతంత్ర నవలలన్నియు ఒకే యెత్తున నిలిచినవని చెప్పజాలము. కాని స్వాతంత్ర్యోద్యమ కాలమును, అటుపిమ్మట ఆ యాశయములకు గలిగిన గతిని చిత్రించిన ‘హృదయనేత్రి’ దృఢమైన రచన. దానికి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. నాటినుండి అభినందనసభలలో వక్తలు నవలాకర్త్రిని ప్రశంసించిరి. వంటపుస్తకము కొన్నవారు సభలకు రాలేదు.

66 ఏండ్లకు పూర్వము తాము చేరిన చెన్నపట్టణముననే 2013 ఆగస్టు 21వ తేదీన ఆమె కన్నుమూసిరి.